కార్డు మంచిదే, కవరు సంగతేమిటి?

ప్రశ్న: నాకు కార్డులు సేకరించే అలవాటు ఉంది. ఎన్నాళ్లుగానో వెతుకుతున్న ఒక పోకేమాన్ ఫాయిల్ కార్డు (మెరిసే పొర ఉన్నది) ఈమధ్య ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర కనిపించింది. ‘నియర్ మింట్’, అంటే దాదాపు కొత్తదే, అని రాశారు. ఫొటోల్లోనూ బాగానే ఉంది. ధర నా స్థోమతకు ఎక్కువే అయినా మనసు ఆగక కొన్నాను. తీరా అది మామూలు ఉత్తరాల కవరులో వచ్చింది. లోపల ఒక టాప్‌లోడర్ (పైన నోరు తెరిచి ఉండే గట్టి ప్లాస్టిక్ తొడుగు), దాని చుట్టూ నాలుగు వైపులా గోధుమరంగు ప్యాకింగ్ టేపు. అట్టముక్క లేదు, బబుల్ కవరు లేదు. ఆ టేపు ఊడదీయడమే ఒక యజ్ఞమైంది. కార్డు బయటికి తీసి చూస్తే మధ్యలో అడ్డంగా సన్నటి గీత, కింద ఒక మూల తెల్లబడి ఉంది. అమ్మినాయనను అడిగితే ‘వందల కార్డులు ఇలాగే పంపాను, ఒక్కరూ మాట అనలేదు. వంగితే అది తపాలావాళ్ల తప్పు. మూల నలిగింది మీరు లాగడం వల్లే’ అంటున్నారు. నిజంగా తప్పు నాదేనా? డబ్బు వాపసు అడగవచ్చా? వచ్చే వారం నేను కూడా మార్పిడి కింద ఒకరికి కొన్ని కార్డులు పంపాలి. వాటిని ఎలా ప్యాక్ చేయాలో కూడా చెప్పండి.

సమాధానం: తప్పు మీది కాదు. కొన్న వస్తువును కవరులోంచి బయటికి తీయడం నేరమెలా అవుతుంది? కార్డు పాడవకుండా దాన్ని బయటికి తీయలేకపోతే, ఆ ప్యాకింగ్ సగమే అయినట్టు. కార్డు కదలకూడదు, వంగకూడదు, తడవకూడదు అనే మూడు సంగతులు పంపేవాళ్లలో చాలామందికి గుర్తుంటాయి. అవతలివాళ్లు దాన్ని తేలిగ్గా బయటికి తీయగలగాలన్న నాలుగోది మాత్రం ఎవరికీ పట్టదు. టేపు ఎంత ఎక్కువ చుడితే అంత భద్రమని నమ్మేవాళ్లు ఈ రంగంలో కొల్లలు. మీ అమ్మకందారు మొదటి మూడూ కూడా సరిగా పాటించినట్టు లేరు.

‘వందల కార్డులు ఇలాగే పంపాను’ అన్న మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను. చిన్న కార్డు నలిగితే చాలామంది ఉసూరుమని ఊరుకుంటారు. కొందరు చూసుకోనైనా చూసుకోరు. ఫిర్యాదు రాకపోతే కార్డులన్నీ క్షేమంగా చేరాయని అర్థం కాదు.

ఇక తపాలా సంగతి. ఉత్తరాల కవరులో వేసిన ప్రతిదాన్నీ యంత్రం ఉత్తరంగానే చూస్తుంది. పెద్ద వర్గీకరణ కేంద్రాల్లోని యంత్రాలు గంటకు 30,000కు పైగా కవర్లను బెల్టుల మధ్య బిగించి, డ్రమ్ముల చుట్టూ తిప్పి, గళ్లలోకి విసురుతాయి. ఉత్త కాగితమైతే వంగి మళ్లీ సర్దుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ ముక్క ఆ మలుపు దగ్గర మొరాయిస్తుంది. అప్పుడు కవరన్నా చిరగాలి, ప్లాస్టిక్కన్నా వంగాలి. కవరు మీద ‘వంచరాదు’ అని ఎర్ర సిరాతో ఎంత పెద్దగా రాసినా యంత్రానికి చదువు రాదు. సంచుల్లో కుక్కేటప్పుడు, బండిలో పేర్చేటప్పుడు మనుషులకు కూడా చదివే తీరిక ఉండదు. ఇవన్నీ కార్డులు అమ్మేవాళ్లకు తెలియని రహస్యాలు కావు. తెలిసి కూడా అలా పంపి తపాలాను నిందించడం, గొడుగు లేకుండా బయల్దేరి వానను తిట్టినట్టే. చాలా అమ్మకాల సైట్ల నిబంధనల ప్రకారం కూడా, వస్తువు చెప్పిన స్థితిలో మీ చేతికి అందే దాకా బాధ్యత అమ్మినవారిదే.

అయితే డబ్బు అడిగే ముందు ఒక పని చేయండి. కార్డు, టాప్‌లోడర్, కవరు మూడింటినీ పక్కపక్కన పెట్టి మంచి వెలుతురులో చూడండి. దెబ్బ ఎక్కడ తగిలిందో అవే చెబుతాయి. మీరు రెండు లోపాలు రాశారు. ఆ రెంటి పుట్టుకా ఒకటే కాకపోవచ్చు.

ముందు మధ్యలోని గీత. కార్డును దీపానికి ఏటవాలుగా పట్టుకుని, ముందువైపు చూశాక వెనక్కి తిప్పండి. ఫాయిల్ కార్డుల మీద ఫ్యాక్టరీలోనే పడే గీతలు ఉంటాయి. వాటిని సేకర్తలు ప్రింట్ లైన్ అంటారు. అవి పైపొరకే పరిమితం, వెనకవైపు వాటి జాడ ఉండదు. మడత అలా కాదు. గీత వెంబడి కార్డు కాస్త లేచినట్టో కుంగినట్టో ఉంటుంది, చాలాసార్లు వెనక కూడా అదే చోట కనిపిస్తుంది. మీది మడతే అయితే ఇప్పుడు టాప్‌లోడర్‌ను చూడండి. గట్టి పీవీసీ ప్లాస్టిక్ వంగితే ఆ వంపు దగ్గర పాలరంగు చార పడుతుంది, అది ఇక పోదు. కార్డు మీద గీత ఎంత ఎత్తులో ఉందో టాప్‌లోడర్ మీద చార కూడా అంతే ఎత్తులో ఉండి, కవరు మీద కూడా అక్కడే ముడత కనిపిస్తే ఇక అనుమానం లేదు. దారిలోనే వంగింది. టాప్‌లోడర్ మచ్చ లేకుండా ఉంటే మాత్రం కథ వేరు. వంగని టాప్‌లోడర్‌లో కార్డు ఒక్కటే మడత పడదు కాబట్టి, కవరులో పెట్టక ముందే ఆ మడత ఉండి ఉండాలి. అప్పుడు ప్యాకింగ్ గురించి వాదించే పనే లేదు, ‘నియర్ మింట్’ అన్న వర్ణనే తప్పవుతుంది. రెండు దారుల్లో ఏది నిజమైనా జవాబు చెప్పుకోవలసింది ఆయనే.

మూల విషయంలో కొంచెం తొందరపడకండి. కార్డు మూల తెల్లబడిందంటే పైనున్న అచ్చురంగు పొర పోయి లోపలి కాగితం కనిపిస్తోందన్నమాట. అది వాడకం వల్ల కావచ్చు, దెబ్బ వల్ల కావచ్చు. వాడకం వల్ల తెల్లబడితే నూగులా, మెత్తగా, ఒకటికి రెండు మూలల్లో కనిపిస్తుంది. దెబ్బ తగిలితే ఆ ఒక్క మూలే మొద్దుబారి ఉంటుంది, లేదా పొరలు విచ్చుకుని ఉంటాయి. ఆ మూల టాప్‌లోడర్‌లో ఏ వైపు ఉందో గుర్తు తెచ్చుకోండి. మూసి ఉన్న అడుగువైపు అయితే కార్డు లోపల జారి అడుగుకు కొట్టుకుని ఉండవచ్చు. తెరిచి ఉన్న నోటివైపు అయితే టేపు పట్టుకుని ఉండవచ్చు. ఆ తర్వాత అమ్మకం పేజీలోని ఫొటో తెరిచి, అదే మూలను పెద్దది చేసి చూడండి. పోకేమాన్ కార్డు వెనక అంచు నీలం కాబట్టి తెలుపు ఇట్టే బయటపడుతుంది. అందుకే కొనే ముందు వెనకవైపు ఫొటో తప్పకుండా అడగాలి. ముందువైపు ఫొటోలే పెట్టేవాళ్లు చాలామంది ఉంటారు, ఊరికే కాదు.

ఆ తెలుపు ఫొటోలోనే ఉంటే, మూల సంగతిని ప్యాకింగ్ ఖాతాలో వేయకండి. నియర్ మింట్ అంటే కొత్త కార్డుకు దగ్గరగా ఉన్నదని, చుక్కంత అరుగుదల దానికి చెల్లుతుంది. మడత చెల్లదు. కార్డుల స్థితిని పరీక్షించి గ్రేడు ఇచ్చే సంస్థ పీఎస్‌ఏ తన 10 మెట్ల ప్రమాణంలో (10 అన్నిటికన్నా పైది) సన్నటి మడత ఉండవచ్చునని చెప్పేది 4వ మెట్టు దగ్గర. ‘ఒక్క గీతే కదా’ అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. ఫిర్యాదుకు మడత ఒక్కటి చాలు. దానికి అనుమానాస్పదమైన మూలను కూడా జత చేస్తే, అవతలివాళ్లు దాన్నే పట్టుకుని మొత్తం వాదాన్ని పక్కదారి పట్టిస్తారు.

ఇక చేయవలసినవి. కవరు, టేపు, టాప్‌లోడర్ ఏదీ పారేయకండి. కవరు రెండు వైపులా, తపాలా ముద్ర కనిపించేలా ఫొటోలు తీయండి. టాప్‌లోడర్ మీది చార, కార్డు మీది మడత పక్కపక్కన ఉంచి ఇంకో ఫొటో తీయండి. కార్డును కొత్త స్లీవ్‌లో, అంటే పలచటి ప్లాస్టిక్ తొడుగులో, పెట్టి పక్కన పెట్టేయండి. పుస్తకాల కింద నొక్కడం, ఇస్త్రీపెట్టె తగిలించడం వంటి సొంత వైద్యం జోలికి పోకండి. మడత పోదు సరికదా, ‘మీరే పాడుచేశారు’ అనే మాటకు అవకాశం ఇచ్చినవాళ్లవుతారు. తెల్లబడిన మూలకు స్కెచ్ పెన్నుతో రంగు పూసే వీరులు కూడా ఉన్నారు. రంగు పూసినట్టు, అంచు కత్తిరించినట్టు తేలిన కార్డుకు గ్రేడింగ్ సంస్థలు మామూలు గ్రేడు ఇవ్వవు.

ఫిర్యాదుకు సైట్లలో గడువు ఉంటుంది, ఆలస్యం అమృతం విషం. మాటలు ఫోనులో కాకుండా ఆ సైటు సందేశాల్లోనే నడపండి, రేపు మధ్యవర్తిత్వం అవసరమైతే అదే సాక్ష్యం. సందేశం పొట్టిగా ఉండాలి. ఇలా రాయవచ్చు: ‘కార్డు అందింది. మధ్యలో మడత ఉంది. టాప్‌లోడర్ కూడా అదే చోట వంగి ఉంది, ఫొటోలు జత చేశాను. నియర్ మింట్ అన్న వర్ణనకు ఇది సరిపోదు. కార్డు తిప్పి పంపి పూర్తి డబ్బు తీసుకోవడం, కార్డు ఉంచుకుని ధరలో తేడా తీసుకోవడం, ఈ రెండింటిలో ఏదైనా నాకు సమ్మతమే. మీకు ఏది వీలో చెప్పండి.’ ఇంతే చాలు. ‘ఇలా ప్యాక్ చేస్తారా, బుద్ధి ఉందా’ వంటివి మనసులోనే ఉంచుకోండి. ఆయన మోసగాడని నేను అనుకోవడం లేదు. గట్టి ప్లాస్టిక్ ఉంది కదా అన్న భరోసాతో మిగతాదంతా వదిలేసే మనిషిలా కనిపిస్తున్నారు. అలాంటివాళ్లు మర్యాదగా అడిగితే చాలాసార్లు దారికొస్తారు. రాకపోతే అవే ఫొటోలతో సైటులో ఫిర్యాదు తెరవండి.

తేడా ఎంత అడగాలన్నది మీ ఊహకు వదిలేయవద్దు. మడత ఉన్న అదే కార్డు ఈమధ్య ఎంతకు అమ్ముడుపోయిందో చూడండి. అడిగిన ధరలు కాదు, నిజంగా అమ్ముడైన ధరలు. మీరు కట్టిన దానికి, దానికి మధ్య తేడా ఎంతో అంత అడగండి. ఆడుకోవడానికో, ఆల్బమ్‌లో ఆ ఖాళీ నింపడానికో కొన్నారనుకుంటే తేడా తీసుకుని ఉంచుకోవడం మంచిది. గ్రేడింగ్‌కు పంపే ఉద్దేశంతో కొన్నారా, తిప్పి పంపేయండి. రోజూ ఆ గీతను చూస్తూ బాధపడటం దండగ.

ఇప్పుడు మీరు పంపబోయే కార్డుల సంగతి.

కార్డు దారిలో పాడవక ముందే, మన చేతుల్లో స్లీవ్ ఎక్కించేటప్పుడే పాడవుతుందని గుర్తుంచుకోండి. పలచటి స్లీవ్ నోటి అంచుకు కార్డు మూల తగిలి వెనక్కి మడుచుకుంటుంది. స్లీవ్‌ను రెండు పక్కలా కాస్త నొక్కితే నోరు తెరుచుకుంటుంది, అప్పుడు నెమ్మదిగా జార్చండి. కార్డు పెట్టక ముందే స్లీవ్ నోటి మూల ఒకటి ఏటవాలుగా చిటికెడు కత్తిరించుకునేవాళ్లు కూడా ఉన్నారు, అదీ మంచి ఉపాయమే. స్లీవ్ లేకుండా కార్డును నేరుగా టాప్‌లోడర్‌లో దింపకండి, గట్టి ప్లాస్టిక్ ఫాయిల్ మీద గీతలు పెడుతుంది.

టాప్‌లోడర్ మందం కార్డుకు తగినట్టు ఉండాలి. ఈ మందాన్ని పాయింట్లలో చెబుతారు, అంగుళంలో వెయ్యో వంతు ఒక పాయింటు. మామూలు కార్డులకు 35 పాయింట్లది, అంటే 0.9 మిల్లీమీటర్ల లోపు, సరిపోతుంది. జెర్సీ ముక్క అతికించిన ఆటగాళ్ల కార్డుల వంటి మందపాటి వాటికి 130, 180 పాయింట్లవి దొరుకుతాయి. మందపాటి కార్డును సన్నదాంట్లో కుక్కితే అంచులు నలుగుతాయి. సన్న కార్డును పెద్దదాంట్లో వేస్తే లోపల ఊగుతుంది. పోకేమాన్ కార్డు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు. టాప్‌లోడర్ సుమారు 3 అంగుళాలకు 4. ఎంత సరిగ్గా ఎంచుకున్నా చుట్టూ కొంత ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీని స్లీవ్ కొంతవరకే పూడుస్తుంది. ప్యాక్ చేశాక చెవి దగ్గర పెట్టి ఆడించండి. టకటకమని వినిపిస్తే దారి పొడవునా కార్డు మూలలు గోడకు కొట్టుకుంటాయన్నమాట.

టాప్‌లోడర్ నోరు మూయడానికి మీకు కావలసింది గోడలకు రంగులు వేసేవాళ్లు వాడే నీలిరంగు పెయింటర్స్ టేపు. జిగురు అంటించకుండా ఊడొస్తుంది. చిన్న ముక్క ఒకటి నోటికి అడ్డంగా అతికించి, ఒక చివర లోపలికి మడిచి పట్టుకోవడానికి చిన్న చెవిలా వదలండి. ఆ చెవి పట్టుకుని లాగితే ఒక్క కదలికలో ఊడిపోతుంది. సెల్లో టేపు వాడితే జిగురు నోటి అంచుకు అంటుకుంటుంది, కార్డు బయటికి జారుతున్నప్పుడు ఆ జిగురే దాన్ని పట్టుకుంటుంది. ప్యాకింగ్ టేపు ఇంకా మొండిది. దాన్ని ఊడదీయాలంటే కత్తెరో బ్లేడో పట్టుకోవాలి, కార్డుకు వెంట్రుకవాసి దూరంలో బ్లేడు ఆడించాలి. మీకు ఎదురైంది ఇదే. టాప్‌లోడర్‌కు సరిపోయే, నోరు అతికే ప్లాస్టిక్ సంచులు దొరికితే టేపుతో పనే లేదు. వాటిని టీమ్ బ్యాగ్ అంటారు. తడి నుంచి కూడా కాపాడతాయి.

ఆ తర్వాత అట్ట. పెట్టెల అట్ట రెండు ముక్కలు, టాప్‌లోడర్ కంటే అన్ని వైపులా వేలెడు పెద్దవి కోయండి. అట్టలోపల గాడులు ఒక దిక్కుగా ఉంటాయి, ఆ గాడుల వెంబడి అది తేలిగ్గా వంగుతుంది, అడ్డంగా వంగదు. కాబట్టి ఒక ముక్కలో గాడులు నిలువుగా, రెండోదాంట్లో అడ్డంగా వచ్చేలా పెట్టండి. టాప్‌లోడర్‌ను ఒక అట్టకు నీలి టేపుతో కదలకుండా నిలిపి, రెండో అట్ట మూసి, అట్టల అంచులను ఒకదానికొకటి అతికించండి. ఇక్కడ ఏ టేపు అయినా ఫరవాలేదు, టాప్‌లోడర్‌ను తాకకపోతే చాలు. దీన్ని బబుల్ కవరులో వేయండి. ‘బబుల్ కవరు ఉండగా అట్ట ఎందుకు?’ అని చాలామంది అడుగుతారు. మెత్తటిది దెబ్బను ఆపుతుంది, వంపును ఆపలేదు. వంపును ఆపడానికి గట్టిది కావాలి. రెండూ ఉంటేనే పని జరుగుతుంది.

రబ్బరు బ్యాండ్లు, పిన్నులు, అచ్చుసిరా అంటుకునే పాత పేపర్లు వాడవద్దని వేరే చెప్పనక్కర్లేదు. చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే ఇప్పటికీ వస్తున్నాయి.

కార్డులు చాలా ఉంటే ఒక్కొక్కదానికీ టాప్‌లోడర్ అక్కర్లేదు. స్లీవ్‌లు వేసి కట్టగా పేర్చి టీమ్ బ్యాగ్‌లో పెట్టి, అట్టల మధ్య ఉంచవచ్చు. వందకు మించితే కార్డుల కోసం చేసిన అట్టపెట్టె కావాలి. పెట్టెలో మిగిలిన ఖాళీ కాగితంతో నింపండి. గట్టిగా కుక్కకండి, బిగువు కూడా అంచులు నలుపుతుంది.

ఉత్తరాల కవరును నేను పూర్తిగా తిట్టడం లేదు. కార్డు ఖరీదు కంటే ప్యాకింగ్ ఖరీదు ఎక్కువైతే ఎవరికీ గిట్టదు. చవక కార్డులను అలా పంపవచ్చు, కానీ ముందే అవతలివారికి చెప్పి ఒప్పించి. అప్పుడు కూడా కార్డును స్లీవ్‌లో పెట్టి, అటూ ఇటూ పలచటి అట్టలు గానీ పనికిరాని కార్డులు గానీ పెట్టి, మడిచిన తెల్లకాగితం మధ్యలో జారకుండా అతికించండి. మొత్తం సన్నగా ఉండాలి, వంగితే కొద్దిగా వంగాలి. గట్టి కవర్లను అదనపు రుసుము తీసుకుని యంత్రంలో వేయకుండా పంపే తపాలా సంస్థలు కూడా ఉన్నాయి, కౌంటరులో అడిగి చూడండి.

మీరు పంపేవాటిలో ఫాయిల్ కార్డులు ఉంటే ఒక మాట. ఫాయిల్ పొర తేమను పీల్చదు, వెనకున్న కాగితం పీలుస్తుంది. అందుకే గాలిలో తేమ మారినప్పుడు కార్డు విల్లులా వంగుతుంది. అది మడత కాదు, చాలావరకు సర్దుకుంటుంది, ప్యాకింగ్ లోపం అనడానికీ లేదు. అవతలివారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే కంగారు పడి మీకు సందేశాలు పెట్టరు.

మార్పిడి కాబట్టి ఎలా పంపుకోవాలో ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. మూలలు, వెనకవైపు కనిపించేలా ఫొటోలు ఇచ్చిపుచ్చుకోండి. ఒకే రోజు పంపి ట్రాకింగ్ నంబర్లు చెప్పుకోండి. కార్డుల విలువ ఎక్కువైతే బీమా కూడా చేయించండి. అయితే ప్యాకింగ్ చాలలేదన్న కారణంతో బీమా సొమ్ము నిరాకరించవచ్చు, అందుకని ప్యాక్ చేస్తున్నప్పటి ఫొటోలు మీ దగ్గర ఉంచుకోండి. కవరు మీద ఏ అంచు దగ్గర చించాలో బాణం గుర్తు పెడితే, తీసేవారి కత్తెర కార్డు మీదికి పోదు.

చివరగా, మీ అమ్మకందారు కార్డు తిప్పి పంపమంటే, కోపంతో వచ్చిన కవరులోనే కుక్కి పంపేయకండి. ఆ క్షణం నుంచి పంపేవారు మీరే, దారిలో ఇంకో మడత పడితే ఈసారి వేలు మీవైపు చూపిస్తారు. పైన చెప్పిన పద్ధతిలోనే, పాత టాప్‌లోడర్‌ను కూడా వేరుగా జతచేసి, అట్టలు మూయక ముందు ఒక ఫొటో, మూశాక ఒక ఫొటో తీసి అదే సందేశాల్లో పెట్టండి. తిప్పి పంపే ఖర్చు ఎవరిదో మాత్రం పార్శిల్ కట్టక ముందే తేల్చుకోండి.